గాడి

పర్లాకిమిడి ఠాణా వసారాలో
ముప్ఫయ్యేళ్లుగా అర్జీలు రాస్తున్నాను.
తెలుగులో ఏడ్చింది ఒడియాలో దించడం నా పని.
కన్నీళ్లకి రుసుము లేదు,
కాగితానికి పది రూపాయలు.

ఆ రోజు నాకు ఆలస్యమైంది,
గుణుపురం పాసింజరు గేటు దగ్గర నిలబెట్టేసింది.
నేనొచ్చేసరికి దాలయ్య చెప్పేశాడు,
రైటరు దండాసి బెహరా రాసేశాడు.

దాలయ్య చెప్పింది మూడే మాటలు.
బండి గాడి తప్పిందండి.
తెల్లారగట్ల, చింతపండు బస్తాలతో
మహేంద్రతనయ రేవు ఎక్కుతుంటే
ఎడం చక్రం పక్కకి ఒరిగి
బడి ప్రహరీ ఓ మూల కూలింది. అంతే కథ.

బెహరా చెవిలో బండి బంది అయింది.
నాలుక కొస కాస్త ముందుకి జారితే చాలు,
చక్రాలున్నది సంకెళ్లున్నదైపోతుంది.
గాడి అంటే వాళ్లకి వాహనం:
జీపు గాడి, రైలు గాడి,
పెళ్లికొడుకు ఎక్కే అద్దె గాడి.
తప్పడం ఒక్కటే అతనికి వచ్చిన తెలుగు,
జాతరలో పిల్లల్ని వెతికిన రోజుల్లో నేర్చుకున్నాడు.
మూడూ కలిపి, గుండ్రటి అక్షరాల్లో, అందంగా,
"ఖైదీతో సహా వాహనం గల్లంతు."

గల్లంతైన గాడిని వెతకడానికి
జీపు గాడి బయల్దేరిపోయింది.
బండేమో ఠాణా ఎదుటే ఉంది,
బాదంచెట్టు కింద, కాడి దించుకుని.
ఎడ్లు నెమరేస్తున్నాయి.
దాలయ్యకి ఏమర్థమైందో ఏమో,
బేడీల కోసం రెండు చేతులూ
ముందుకు చాపి నిలబడ్డాడు.

"మాకు గాడి అంటే బండి కాదు బెహరాబాబూ,
బండి పోయాక నేలమీద మిగిలేది."
అతను పెన్ను ఆపాడు.
"పోయాక మిగిలేదా?"
అరుగు దుమ్ములో వేలితో రెండు గీతలు లాగాను,
నిద్రమత్తులోనూ ఎడ్లు వదలని గీతలు.
"ఓహో, గుళా! శగడ గుళా!"
అని తొడ చరుచుకున్నాడు.

శగడ నాకు పాత చుట్టమే.
శకటం సంస్కృతం చొక్కా విప్పేసి
గోచీతో పొలంలో దిగితే శగడ.
మా నాన్న పలకమీద దిద్దించిన ఱ కూడా ఆ ఇంటిదే,
పుస్తకంలో శకటరేఫం, పిలుపు బండి ర.
గుఱ్ఱం అని రాస్తే
గుర్రం నడుంకి బండి కట్టి ఉండేది.
ఎవరో పలుపు విప్పేశారు,
ఇప్పుడు ఒట్టి గుర్రమే పరిగెడుతోంది.

మాటల్లో దాలయ్య కలగజేసుకున్నాడు.
"ఎడ్లు గడ్డి తినేదీ గాడేనండి.
మాయమ్మ పెళ్లిళ్లకి వండేది గాడిపొయ్యి మీద."
బెహరా తల పట్టుకున్నాడు.
"మీ దగ్గర గాడి కానిది ఏదైనా ఉందా?"
"ఉందండి," అన్నాడు దాలయ్య,
"ఎక్కి కూర్చునేది."

చక్రం ముందు పుట్టి గీత గీసిందో,
గీత ముందుంటే చక్రం వచ్చి అందులో పడిందో,
నిఘంటువులు తిరగేసే ఓపిక నాకు లేదు.
ఏటికి ఆ గట్టున ఉరికే మాట
ఈ గట్టున పడుకుని ఉంది.
రెండు గట్లకీ మధ్య
ముప్ఫయ్యేళ్లుగా నా భోజనం.

కాగితం మార్చి రాశాను. గోడకి బదులు
రెండు బస్తాల చింతపండని ఒప్పందం.
బడిలో వారం రోజులు పులుసే వండారట.
సాయంత్రం జీపు తిరిగొచ్చింది,
గాడి దొరకలేదని డ్రైవరు సెల్యూట్ కొట్టాడు.
ఎవరూ అతనికి చెప్పలేదు.

దాలయ్య బండి కట్టుకుని వెళ్లిపోయాడు.
కొత్త తారురోడ్డు, గాడి పడదు.
కుళాయి దగ్గర మడుగులో తడిసిన చక్రం
నల్లటి గీత ఒకటి లాక్కుంటూ పోయింది
పాన్ కొట్టు దాకా.
ఆ తర్వాత ఎటు తిరిగాడో
నాకు కనపడలేదు.